నోటు వెనక చెల్లు

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో ముప్ఫై ఏళ్లు గుమస్తాగా చేశారు. లెక్కలు రాసే చేయి కావడంతో చుట్టుపక్కల వాళ్లు ప్రోనోట్లు కూడా ఆయన చేతే రాయించుకునేవారు. ఆయన పోయాక కూడా మా బీరువా అడుగు అరలో ఒక రేకు పెట్టె అలాగే ఉంది. నిండా పాత నోట్లు. ముందు వైపు అప్పు మొత్తం, నూటికి రెండు రూపాయల వడ్డీ, రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా సంతకం. అసలు కథంతా వెనక వైపు ఉంటుంది. ఏ రోజున ఎంత కట్టాడో తేదీ వేసి, బాకీదారు తన సంతకంతో రాసే ఆ రెండు ముక్కల్ని చెల్లు అంటారు. చెల్లు రాయవలసింది బాకీదారు. నోటు ఉండేది మాత్రం అప్పిచ్చినవాడి దగ్గర. మొత్తం తీరాక సంతకం ఉన్నచోట చింపి కాగితం తిరిగిచ్చేదీ అతనే. మూడేళ్లపాటు చెల్లు పడలేదా, నోటుకు కాలదోషం పట్టినట్టే. ఇక కోర్టుకెక్కినా పనికిరాదు.

నేను చెప్పబోయేది తప్పు చేసిన సూపర్‌హీరోల గురించి, కథలు వాళ్లను క్షమించే తీరు గురించి. మరి ఈ అప్పుల గోల ఏమిటంటారా? వస్తున్నా.

పోయిన దసరా సెలవులకు విజయవాడ నుంచి మా మేనల్లుడు వచ్చాడు. ఇంటర్ రెండో సంవత్సరం. హాస్టల్లో ఫోన్ ఉండనివ్వరు కాబట్టి ఇంటికొస్తే మూడు నెలల కరువు ఒక్కసారి తీర్చుకుంటాడు. ఆ పది రోజులూ మా బ్రాడీపేట ఇంట్లో అర్ధరాత్రి దాకా సూపర్‌హీరోలే. ఒక రాత్రి 2021 నాటి ‘వాండావిజన్’ సిరీస్ పూర్తి చేసి, ఇయర్‌ఫోన్స్ పీకి పక్కన పడేసి, చిరాగ్గా నా దగ్గరికొచ్చాడు.

“మావయ్యా, ప్రేమించినవాడు పోయాడన్న బాధలో ఆవిడ ఒక ఊరు ఊరంతటినీ తన మాయలో బందీ చేసింది. వదలకపోతే పోనీ, చావనివ్వమ్మా అని జనం బతిమాలుకున్నారు. చివరికి వదిలింది. అప్పుడు ఇంకొకావిడ వచ్చి, నువ్వు చేసిన త్యాగం వీళ్లకు ఎప్పటికీ తెలియదులే అని ఓదారుస్తోంది! దొంగిలించిన సొమ్ము తిరిగిచ్చేస్తే దాన్ని దానం అంటారా?”

ప్రశ్న భలే అడిగాడనిపించింది. జవాబు మాత్రం వెంటనే తోచలేదు. మర్నాడు పొద్దున కాఫీ తాగి రేకు పెట్టె కిందికి దించాను.

ఈ రకం కథలకు ఇంగ్లీషులో వాడే మాట రిడెంప్షన్. లాటిన్ మూలంలో దానికి ‘తిరిగి కొనుక్కోవడం’ అని అర్థం. తాకట్టు పెట్టిన గొలుసును డబ్బు కట్టి విడిపించుకుంటామే, అదే. పోగొట్టుకున్న మంచిపేరును వెల కట్టి విడిపించుకోవడం అన్నమాట. కట్టాలి సరే, ఎవరికి కట్టాలి? ఆ సంగతి ఆ మాటలో లేదు. చిక్కంతా అక్కడే పడింది.

తెలుగులో దీనికి అచ్చంగా సరిపోయే ఒక్క మాట లేదు. అదొక లోటని ఒకప్పుడు అనుకునేవాణ్ని. ఇప్పుడు మేలే అయిందనిపిస్తోంది. ఆ ముద్దను మనం విడివిడిగా పలుకుతాం కాబట్టి. చేసిన పనికి తర్వాత లోపల రగిలే మంట పశ్చాత్తాపం, దానికి సాక్షి అక్కర్లేదు. తనకు తాను వేసుకున్న శిక్షో, పెద్దలు విధించిన వ్రతమో అయితే ప్రాయశ్చిత్తం. నష్టపోయినవాడి చేతికి అందేది పరిహారం. నష్టపోయినవాడి నోట రావలసింది క్షమ. ఇవి కాక శాపవిమోచనం ఒకటుంది, గడువు తీరితే చాలు, మనసు మారిందా లేదా అని అడిగేవాడు కూడా ఉండడు. పశ్చాత్తాపం, ప్రాయశ్చిత్తం తప్పు చేసినవాడి చేతిలో పని. పరిహారం పుచ్చుకోవాలా వద్దా, క్షమించాలా వద్దా అన్నది అతని చేతిలో లేదు. సూపర్‌హీరో కథల్లో జరిగే హస్తలాఘవం ఏమిటంటే మొదటి రెండూ ఘనంగా చూపించి, మిగతా రెండూ కూడా అయిపోయాయని మనచేత అనిపించడం.

మొదట్లో ఈ తకరారే లేదు. 1938లో వచ్చిన సూపర్‌మ్యాన్‌కు గుణంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. అతణ్ని నీరసపరచాలంటే వేరే గ్రహం నుంచి ఒక పచ్చరాయి తేవలసి వచ్చింది. 1954లో కామిక్స్ పిల్లల్ని చెడగొడుతున్నాయని అమెరికాలో పెద్ద రభస జరిగి, సెనేట్ కమిటీ దాకా వెళ్లింది. ప్రభుత్వం ఏం చేస్తుందోనన్న భయంతో ప్రచురణకర్తలే ఒక నియమావళి రాసుకున్నారు. మంచి ప్రతిసారీ గెలవాలి, నేరస్తుడికి శిక్ష పడి తీరాలి. ఇక తప్పు చేసిన హీరోకు చోటెక్కడ? తప్పు చేస్తే నేరస్తుడు, నేరస్తుడైతే శిక్ష. మధ్యలో నిలబడే గట్టు లేదు.

గట్టు వేసినవాడు పదిహేనేళ్ల కుర్రాడు. 1962 ఆగస్టు సంచికలో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో కలిసి తయారుచేసిన స్పైడర్‌మ్యాన్ మొదటి కథ గుర్తుందా? ఎదురుగా దొంగ పారిపోతున్నాడు. కాలు అడ్డం పెడితే పడిపోతాడు. నాకేం పట్టిందని పీటర్ పార్కర్ పక్కకు తప్పుకున్నాడు. ఆ దొంగే తర్వాత అతని పెంపుడు తండ్రిలాంటి బెన్ బాబాయిని చంపాడు. శక్తితో పాటు బాధ్యత కూడా రావాలనే మాట బాబాయి చెప్పాడని అందరం అనుకుంటాం గానీ, ఆ మొదటి కథలో అది ఆయన నోట లేదు. చివరి బొమ్మలో కథకుడి మాటగా ఉంటుంది. అంటే చెప్పేవాడు కూడా పోయాక మిగిలిన మాట అది.

ఈ కథ నాకు ఇంతగా ఎందుకు నచ్చుతుందో రేకు పెట్టె ముందు కూర్చున్నాకే అర్థమైంది. ఇక్కడ అప్పిచ్చినవాడు చనిపోయాడు. నోటు చింపి ఇచ్చే చేయి లేదు. అందుకే ఆ కుర్రాడు అరవై ఏళ్లుగా వడ్డీ కడుతూనే ఉన్నాడు. అసలు తీరిందని ఒక్కనాడూ అనలేదు, కథ రాసినవాళ్లూ అననివ్వలేదు.

ఆ తర్వాతి రచయితలు అంతకంటే పెద్ద పాపాలు చేయించారు. చేయించాక భయపడ్డారు. 1980లో ఎక్స్‌మెన్ కథలో జీన్ గ్రే అనే అమ్మాయి ఫీనిక్స్ శక్తి తలకెక్కి ఒక నక్షత్రాన్ని మింగేస్తుంది. దాని చుట్టూ తిరిగే గ్రహం మీద ఉన్నవాళ్లు 500 కోట్లు. కథ రాసిన క్రిస్ క్లేర్‌మాంట్, బొమ్మలు వేసిన జాన్ బర్న్ ముందు అనుకున్నది వేరు. ఆమె శక్తులు పోతాయి, ప్రాణం ఉంటుంది. ప్రధాన సంపాదకుడు జిమ్ షూటర్ ఒప్పుకోలేదు. అంతమందిని చంపి ఇంటికెళ్లి మామూలుగా బతకడం కుదరదన్నాడు. దాంతో ముగింపు మార్చారు. చంద్రుడి మీద ఆమె తన ప్రాణం తానే తీసుకుంటుంది. ఆ కథ ఇప్పటికీ చదువుతుంటే గొంతు పట్టుకుంటుంది.

ఆరేళ్లు తిరిగాయి. 1986లో ఆ కామిక్స్ వేసే మార్వెల్ కంపెనీకి జీన్ గ్రే మళ్లీ కావలసి వచ్చింది. ఏం చేశారంటే, న్యూయార్క్ దగ్గర సముద్రపు నీళ్ల అడుగున ఒక గూడులో అసలు జీన్ ఇన్నాళ్లూ నిద్రపోతోందనీ, నక్షత్రాన్ని మింగింది ఆమె రూపం వేసుకున్న వేరే శక్తి అనీ రాశారు. కోర్టులో ఇలాంటివి రోజూ వింటాం. “ఆ సంతకం నాది కాదండీ.”

గ్రీన్ లాంటర్న్ సంగతి ఇంకా విడ్డూరం. ఆ పేరుగల అంతరిక్ష రక్షక దళంలో వీరుడైన హాల్ జోర్డాన్ తన నగరం నాశనమైందన్న దుఃఖంతో 1994లో మతి తప్పి, సాటి లాంటర్న్‌ల మీదే పడి, పారలాక్స్ అనే పేరుతో విలన్ అయ్యాడు. 1996లో ఆరిపోతున్న సూర్యుణ్ని మళ్లీ వెలిగించడానికి ప్రాణమిచ్చాడు. అది ఒక చెల్లు. సరిపోయిందా లేదా అని పాఠకులు వాదించుకున్నారు, వాదించుకోదగ్గ కథే. 2004లో మొదలైన ఇంకో కథలో పారలాక్స్ అంటే భయాన్ని తిని బతికే ఒక పురుగులాంటి జీవి అనీ, అది దూరినందువల్లే అతను అలా ప్రవర్తించాడనీ తేల్చారు. అభిమానులు ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం నష్టమే కనపడింది. అసలు అప్పే లేదన్నాక 1996లో కట్టినదానికి విలువేముంది? నేరం కొట్టేయడానికి పోయి ప్రాయశ్చిత్తాన్ని కూడా కొట్టేశారు. దయ్యం పట్టినవాడి తప్పు దయ్యానిదే అయినప్పుడు, ఆ తర్వాత చేసిన మంచి మాత్రం అతనిది ఎలా అవుతుంది?

ఇందులో రచయితల దుర్బుద్ధి ఏమీ లేదు. వ్యాపారం అలాంటిది. మనకు నవల అంటే చివరి పేజీ ఉంటుంది. అమెరికన్ కామిక్‌కు చివరి పేజీ లేదు, వచ్చే నెల సంచిక ఉంటుంది. పాత్ర రాసినవాడిది కాదు, కంపెనీది. ఎనభై ఏళ్లుగా పేరున్న సరుకును జైల్లో పెట్టి తాళం వేయరు, శాశ్వతంగా చంపరు. యార్డులో కూడా అంతే, తడిసిన టిక్కీని, అంటే మిర్చి బస్తాను, పారబోయరు, ఎండబెట్టి మళ్లీ కాటాకు ఎక్కిస్తారు. కాబట్టి హీరో ఎంత పెద్ద పాపం చేసినా అది తీరకముందే చెరిగిపోవాలి. పైగా పదేళ్లలో చదివేవాళ్లు మారిపోతారు. కొత్తగా వచ్చిన పన్నెండేళ్ల కుర్రాడికి ఆ 500 కోట్ల మంది గురించి పట్టింపు ఉండదు. నోటుకు కాలదోషం పట్టేస్తుంది.

ఇక్కడే ఒక వింత. కాలదోషం పట్టని నోటు ఒకటి ఉంది.

1981లో అవెంజర్స్ 213వ సంచికలో హాంక్ పిమ్ అనే శాస్త్రవేత్త, మొదటి యాంట్‌మ్యాన్, మానసికంగా కుంగిపోయి, అందరి ముందూ తన పరువు నిలబెట్టుకోవడానికి ఒక దొంగ నాటకం ఆడబోతాడు. వద్దన్న భార్య జానెట్‌ను చెంప మీద కొడతాడు. ఒక్క దెబ్బ. ఒక్క బొమ్మ. ఆ కథ రాసింది ఎవరో కాదు, జీన్ గ్రేకు శిక్ష పడాల్సిందేనన్న జిమ్ షూటరే. తాను ఉద్దేశించింది అంత దెబ్బ కాదనీ, బొమ్మలో అది పెద్దదైపోయిందనీ ఆయన తర్వాత చెప్పుకున్నారు. ఏమైతేనేం, పిమ్ పేరు చెబితే కామిక్స్ చదివేవాళ్లకు ఈ రోజుకీ ముందు గుర్తొచ్చేది ఆ చెంపదెబ్బే. ఆ తర్వాత ఎందరు రచయితలు అతణ్ని బాగుచేయాలని చూసినా ఆ మరక పోలేదు. 2015లో సినిమా తీసినప్పుడు పిమ్‌ను ముసలి గురువుగా పక్కన కూర్చోబెట్టి, సూటును జైలు నుంచి వచ్చిన దొంగ స్కాట్ లాంగ్‌కు తొడిగారు. దొంగతనం జనం ఇట్టే మరిచిపోతారు.

నక్షత్రాన్ని మింగినామెకు క్షమ దొరికి, చేయి చేసుకున్నవాడికి దొరక్కపోవడం లెక్కకు అందదు. కానీ గుంటూరులో ఏ సందులోనైనా నిలబడి ఆలోచిస్తే అందుతుంది. నక్షత్రాన్ని మింగినవాళ్లు మన వీధిలో ఎవరూ లేరు. భార్యను కొట్టినవాడి గొంతు గోడ అవతల నుంచి మనందరం ఎప్పుడో ఒకప్పుడు విన్నాం. మర్నాడు పొద్దున ఆవిడ చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుని నీళ్లు పట్టుకోవడం చూశాం. 500 కోట్లు ఒక అంకె. ఆ చెంప ఒక మనిషిది, ఆమె ఇంకా అదే కథలో మన కళ్ల ముందు తిరుగుతోంది. అప్పిచ్చినామె బతికే ఉంది, నోటు ఆమె దగ్గరే ఉంది. మన సినిమాల్లో హీరో హీరోయిన్‌ను కొడితే బుద్ధొచ్చిందని హాలంతా ఈలలు వేసిన కాలం కూడా నాకు బాగా గుర్తు. ఆ ఈలల్లో నావీ ఉన్నాయి.

ఇక ఎక్కువ కథలు నడిచే దారికి వద్దాం. హీరో ఒకరికి ద్రోహం చేస్తాడు, లోకాన్ని కాపాడతాడు, లెక్క సరిపోయిందంటారు. దీన్ని అర్థం చేసుకోవడానికి నాకు ఏ సినిమా అక్కర్లేదు. ఆ రేకు పెట్టెలో 1994 నాటి నోటు ఒకటి చాలు. పద్దెనిమిది వేలు. మా నాన్న తన సొంత డబ్బు, అమ్మ గాజులు కుదువ పెట్టి తెచ్చింది కొంత కలిపి ఇచ్చారు. తీసుకున్నాయన మా బంధువుల ఊరివాడు. పురుగుమందుల కొట్టు పెట్టుకున్నాడు. కొట్టు బాగా నడిచింది. మేడ వేశాడు. నోటు వెనక మాత్రం ఒక్క చెల్లు లేదు. అడిగితే “వచ్చే పంటకు చూద్దాంలే గుమస్తాగారూ” అనేవాడు. కొన్నేళ్లకు ఆ ఊరి రామాలయానికి కంచు గంట చేయించాడు. శ్రీరామనవమి నాడు అన్నదానం పెట్టించి, మైకులో దాతగా పేరు చదివించుకున్నాడు. మేమూ వెళ్లాం. నాన్న పంక్తిలో కూర్చుని పులిహోర తింటుంటే గంట మోగింది. ఆయన విస్తరిలోంచి తలెత్తకుండానే, “గంట మాత్రం మంచి కంచురా” అన్నారు.

ఊళ్లో అందరూ అతణ్ని ధర్మాత్ముడన్నారు. అబద్ధం కాదు కూడా. గంట నిజంగానే మోగింది, రెండు వందల మంది నిజంగానే తిన్నారు. అందులో మా గాజుల డబ్బు ఎంత ఉందో లెక్క అడిగేవాడే లేడు.

ఐరన్‌మ్యాన్ కథలో నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఇదే. 2008 సినిమాలో టోనీ స్టార్క్ ఆయుధాల వ్యాపారి. అఫ్గానిస్తాన్‌లో తన కంపెనీ పేరున్న బాంబు తన గుండె దగ్గరే పేలాక గానీ అతనికి కళ్లు తెరుచుకోలేదు. ఆయుధాల తయారీ ఆపేశాడు, బాగుంది. 2015లో మంచికే అనుకుంటూ అల్ట్రాన్ అనే ఆలోచించే మరను తయారుచేశాడు. దాని వల్ల సొకోవియా అనే కల్పిత దేశంలో ఒక నగరమే కూలింది. 2016 సినిమాలో ఒక తల్లి అతనికి ఎదురుపడి, అక్కడ చనిపోయిన తన కొడుకు ఫొటో చేతిలో పెట్టి, నీ వల్లే అని ముఖాన అంటుంది. ఆ మొత్తం సినిమాల వరుసలో నాకు అన్నిటికంటే విలువైన నిమిషం అది. నోటు పట్టుకుని అప్పిచ్చినామె స్వయంగా గుమ్మంలోకి వచ్చింది. టోనీ ఏం చేశాడు? కదిలిపోయాడు. సూపర్‌హీరోలను అదుపులో పెట్టే ఒప్పందాన్ని నెత్తికెత్తుకున్నాడు, స్నేహితులతో కొట్లాట పెట్టుకున్నాడు. ఆమె దగ్గరికి మాత్రం తిరిగి వెళ్లినట్టు ఎక్కడా చూపించరు. 2019లో ‘ఎండ్‌గేమ్’లో విశ్వం కోసం చిటిక వేసి ప్రాణం వదిలాడు. విజయవాడ మల్టీప్లెక్స్‌లో తెలుగు ఆటకు వెళ్లాను. విలన్ థానోస్‌కు రానా గొంతు. చిటిక దగ్గర నా పక్కసీటు అబ్బాయి వెక్కివెక్కి ఏడ్చాడు, నాకూ కళ్లు తడిశాయి. బయటికొచ్చి బైకు తీస్తుంటే ఆ తల్లి గుర్తొచ్చింది. గంట మంచి కంచే.

‘ద బాయ్స్’ సిరీస్ (2019) ఈ వేషాన్నంతా మొదటి భాగంలోనే ఊడబెరుకుతుంది. ఎ-ట్రెయిన్ అనే వేగవీరుడు పరిగెత్తుతూ కాలిబాట పక్కన నిలబడ్డ అమ్మాయి మీదుగా దూసుకుపోతాడు. కంపెనీ మనిషి వచ్చి ఆమె ప్రియుడికి 45 వేల డాలర్లు, దానితో పాటు నోరు విప్పకూడదన్న కాగితం ఇచ్చి సంతకం పెట్టమంటాడు. పరిహారం ఉంది, పశ్చాత్తాపం లేదు. మనకు ఇది కొత్త కాదు. ఫ్యాక్టరీ గేటు ముందు శవాన్ని పెట్టుకుని కూర్చున్నవాళ్లతో చెక్కు పట్టుకుని బేరమాడటం ఎన్నిసార్లు చూడలేదు?

సరిగ్గా చేసిన కథ ఏదైనా ఉందా మావయ్యా అని మావాడు నిలదీశాడు. ఉంది. అది వాడూ చూసిందే, కానీ ఫైటింగుల మధ్య పట్టించుకోలేదు. 2021లోనే వచ్చిన ‘ద ఫాల్కన్ అండ్ ద వింటర్ సోల్జర్’. బకీ బార్న్స్ మెదడును శత్రువులు అదుపులో పెట్టుకుని, వింటర్ సోల్జర్ అన్న పేరుతో ఎన్నో హత్యలు చేయించారు. లెక్కప్రకారం అతని తప్పు లేదు. హాల్ జోర్డాన్‌కు దొరికిన తప్పుకునే దారి ఇతనికి పుట్టుకతోనే ఉంది. అయినా తన వల్ల నష్టపోయినవాళ్ల పేర్లు పుస్తకంలో రాసుకుని ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ తిరుగుతాడు. న్యూయార్క్‌లో యోరి అనే జపాన్ ముసలాయనతో స్నేహం చేసి కలిసి భోజనం చేస్తుంటాడు. ఆయన కొడుకును చంపింది తానే. ఎలా చనిపోయాడో తెలియక ఆ తండ్రి కుమిలిపోతున్నాడని తెలుసు. చెప్పలేడు. ఎదురుగా కూర్చుని తింటాడు.

ఐదో భాగంలో స్నేహితుడు శామ్, అంటే ఫాల్కన్, అతనితో ఒక మాటంటాడు. నువ్వు వెళ్లి సారీ చెబుతున్నది నీ మనసు తేలికపడాలని, వాళ్ల మనసు తేలికపడాలని కాదు, అని. చివరి భాగంలో బకీ యోరి ఇంటికి వెళ్లి, మీ అబ్బాయి ప్రమాదంలో పోలేదు, వింటర్ సోల్జర్ చంపాడు, అది నేనే, అంటాడు. ఎందుకు, అని అడుగుతాడు ముసలాయన. నా చేతిలో లేదు, అన్నది తప్ప బకీ దగ్గర ఇంకేమీ లేదు. యోరి కౌగిలించుకోడు. క్షమించానని అనడు. కథ కూడా ఆయన్ను అనమని బలవంతపెట్టదు. ఒక స్నేహం పోగొట్టుకుని బకీ బయటికొస్తాడు. చెల్లు రాశాడు, నోటు ముసలాయన దగ్గరే ఉండిపోయింది. నేను చూసినంతలో ఈ జానర్‌లో ఇంత నిజాయతీగా తీసిన సన్నివేశం ఇంకొకటి లేదు. చిత్రమేమిటంటే అందులో ఎవరూ ఎగరరు.

ఇదంతా అమెరికావాళ్ల జబ్బని తేల్చేస్తే పొరపాటు. కర్ణుణ్ని మనకంటే ఎక్కువగా ప్రేమించినవాళ్లెవరు? దానం చేశాడు, మాట తప్పలేదు, కులం పేరుతో అవమానపడ్డాడు, అన్నీ నిజం. సభలో ద్రౌపదిని అనరాని మాటలన్నాడు, అదీ నిజం. ఉద్యోగపర్వంలో కృష్ణుడు రాయబారం ముగించుకుని వెళ్తూ అతనితో ఏకాంతంగా మాట్లాడినప్పుడు, దుర్యోధనుడి మెప్పు కోసం పాండవులను కఠినంగా మాట్లాడాననీ, అందుకు ఇప్పుడు కాలిపోతున్నాననీ కర్ణుడు ఒప్పుకుంటాడు. పశ్చాత్తాపం ఉంది, సందేహం లేదు. చెప్పుకున్నది కృష్ణుడితో. ద్రౌపదితో కాదు. ఆమె ఈ సంగతి ఎప్పటికీ వినదు. మనం విన్నాం కాబట్టి ఆమె తరఫున మనమే క్షమించేశాం. ప్రేక్షకుడు చేసే దొంగపని ఇదే, పరాయివాడి నోటును తన చేత్తో చింపడం.

అశ్వత్థామ దగ్గర ఇది తలకిందులవుతుంది. నిద్రపోతున్న తన అయిదుగురు కొడుకులనూ చంపినవాణ్ని అర్జునుడు కట్టి తెస్తే, పోతన భాగవతంలో ద్రౌపది అతణ్ని నిలబెట్టి అడుగుతుంది, నీ మీదికి ఉద్రేకంతో రాని, చేత ఆయుధం లేని పిల్లల్ని చీకట్లో చంపడానికి “నీ చేతులెట్లాడెనో” అని. బడిలో కంఠతా పట్టిన పద్యం. అడిగి, వదిలేయమంటుంది. తనలాగే వీడి తల్లి కూడా ఏడవకూడదని. క్షమించే హక్కున్న ఒకే ఒక్క మనిషి క్షమించింది. మణి తీసుకుని, జుట్టు కోసి తరిమేశారు. అతను ఏం చేశాడు? ఉత్తర కడుపులోని పిండం మీద బ్రహ్మాస్త్రం వేశాడు. ఇక్కడ క్షమ ఉంది, పశ్చాత్తాపం పూచికపుల్లంత లేదు.

2024లో నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏడీ’లో సరిగ్గా ఆ పిండం దగ్గరే దారం అందుకున్నారు. చావు లేకుండా తిరిగే అశ్వత్థామకు, కలియుగాంతంలో ఒక తల్లి కడుపులోని బిడ్డను కాపాడే పని కృష్ణుడే అప్పగిస్తాడు. కడుపు మీద అస్త్రం వేసినవాడు కడుపుకు కాపలా కాయడం. అప్పు ఏ సరుకులో చేశాడో ఆ సరుకులోనే తీర్చడం. లోకాన్నంతటినీ కాపాడి ఒక్క తల్లిని మరిచిపోయే కథలతో పోలిస్తే ఇది ఎంతో మెరుగు. ప్రభాస్ కోసం వెళ్లిన మావాడు కూడా అమితాబ్ గురించే మాట్లాడుతూ వచ్చాడట. నాకున్న పేచీ ఒక్కటే. ఇది శాపవిమోచనమా, ప్రాయశ్చిత్తమా? శాపం తీరడానికి చేస్తున్నాడా, చేసినదానికి చేస్తున్నాడా? ఒక సినిమా అయింది కాబట్టి ఇంకా తేలలేదు. రెండో భాగంలో ఎవరైనా అతణ్ని నిలబెట్టి ఆ పద్యంలోని ప్రశ్న అడుగుతారేమోనని నా ఆశ.

మాకు గంట ప్రయాణంలో అమరావతి స్తూపం ఉంది. అక్కడ గడ్డిలో కూర్చుని మావాడికి అంగుళిమాలుడి కథ చెప్పాను. మనుషుల్ని చంపి వేళ్లు మాలగా వేసుకున్న బందిపోటు, బుద్ధుడి దగ్గర భిక్షువయ్యాడు. మనకు బడిలో చెప్పేది అంతవరకే. పాళీ సుత్తంలో తర్వాతి సంగతి ఉంది. భిక్షకు శ్రావస్తి వీధుల్లోకి వెళ్తే జనం విసిరిన రాళ్లు, మట్టిగడ్డలు, కర్రలు వచ్చి తగిలాయి. తల పగిలి, భిక్షాపాత్ర విరిగి, చినిగిన బట్టతో తిరిగొచ్చాడు. బుద్ధుడు జనానికి నచ్చజెప్పడానికి పోలేదు. వీడు మారిపోయాడని చాటింపు వేయించలేదు. ఓర్చుకో, అన్నాడు. చేసినదాని ఫలం ఇప్పుడే అనుభవిస్తున్నావు, ఓర్చుకో.

“అంటే మారినా కొడతారా?” అన్నాడు మావాడు.

“మారాడని వాళ్లకెలా తెలుసు? వాళ్ల పిల్లలు తిరిగొచ్చారా?”

కాసేపు గడ్డి పీకుతూ కూర్చున్నాడు. తర్వాత ఆ పద్దెనిమిది వేల నోటు గురించి అడిగాడు. ఆయన ఎప్పటికైనా కట్టాడా అని.

కట్టలేదు. నాన్న పెద్దకర్మ రోజున మాత్రం వచ్చాడు. బాగా ముసలివాడైపోయాడు, కర్ర పట్టుకుని మనవడి భుజం మీద చేయి వేసి నడుస్తున్నాడు. ఫొటో ముందు చాలాసేపు నిలబడ్డాడు. “మీ నాన్న దేవుడు బాబూ, ఒక్కనాడు గట్టిగా అడగలేదు” అన్నాడు. కళ్లలో నీళ్లు నిజమైనవే. అమ్మ చేతులకు ఆ రోజు గాజులు లేవు, అది వేరే సంగతి. భోజనాలకు కూర్చోబెట్టాం. పంక్తి అవతల నుంచి ఆవిడ ఏమంటుందోనని నాకు లోపల ఒకటే టెన్షన్.

“అమ్మమ్మ ఏమంది?”

“ఏమీ అనలేదు. గారెల పళ్లెం పట్టుకున్నావిడ ఆయన ముందు ఆగింది. ఇంకొకటి వేసుకోండి అని వేసింది.”

“క్షమించేసినట్టేనా మరి?”

“నువ్వే అడుగు.”

ఇంటికొచ్చాక వాడు నిజంగానే అడిగాడు. అమ్మ మునక్కాయలు తరుగుతోంది. తలెత్తకుండా, “ఆ నోటు ఎక్కడుంది, బయట పడేశారా ఏంటి? తీసుకెళ్లి పెట్టెలో పెట్టండి” అంది.